భార్యో భర్తో ఇండియాలో ఉంటే అమెరికాలో జాయింట్ రిటర్న్ వేయడం ఎలా?

ఇండియాకు వెళ్లి పెళ్లి చేసుకుని, అమెరికాకు ఒక్కరే తిరిగొచ్చిన వాళ్లకు జనవరి నెలాఖరులో డబ్ల్యూ-2 (ఏడాది జీతం, కోసిన పన్ను వివరాలుండే ఫారం) చేతికి రాగానే టెన్షన్ మొదలవుతుంది. భార్య హైదరాబాద్‌లో ఉంది, వీసా ఇంకా రాలేదు, ఆమెకు సోషల్ సెక్యూరిటీ నంబర్ లేదు. మరి టాక్స్ రిటర్న్ ఎలా వేయాలి? స్నేహితుల్లో ఒకరు "ఆవిడ ఇక్కడ లేరు కదా, సింగిల్ అని పెట్టెయ్" అంటారు. ఇంకొకరు "జాయింట్ వెయ్, వేల డాలర్లు మిగులుతాయి" అంటారు. మొదటి సలహా తప్పు. రెండోది సగమే నిజం.

జాయింట్‌గా, అంటే ఇద్దరికీ కలిపి ఒకే రిటర్న్ వేస్తే డబ్బు మిగిలే అవకాశం ఎక్కువే. కాకపోతే అలా వేస్తే ఆ ఏడాది జనవరి 1 నుంచి, అమెరికాలో ఎన్నడూ అడుగుపెట్టని మనిషి ఇండియా ఆదాయం మొత్తం అమెరికా పన్ను లెక్కలోకి వస్తుంది. ఆమె జీతం, ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ, మ్యూచువల్ ఫండ్లు, పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలం మీద వచ్చే కౌలు, అన్నీ. అందుకే ఈ నిర్ణయం అమెరికాలో ఉన్నవారు ఒక్కరే సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుని తీసుకునేది కాదు. రిటర్న్ మీద రెండు సంతకాలుంటాయి. రెండో సంతకం చేసేవారికి తాము దేనికి ఒప్పుకుంటున్నారో ముందే తెలియాలి.

ఇక్కడ వాడిన అంకెలన్నీ 2025 పన్ను సంవత్సరానివి, అంటే 2026 ఏప్రిల్ 15లోగా వేయాల్సిన రిటర్న్‌వి. ఉదాహరణల్లో భర్త డాలస్‌లో, భార్య హైదరాబాద్‌లో ఉన్నారు. అమెరికాలో భార్య నర్సుగా చేస్తూ భర్త విజయవాడలో ఉన్నా రూల్స్ ఇవే.

మొదటి అడుగు: డిసెంబర్ 31న మీ స్థితి ఏమిటో తేల్చుకోండి

పన్ను విషయంలో ఏడాది మొత్తానికి మీరు పెళ్లయినవారా కాదా అన్నది డిసెంబర్ 31 నాటి పరిస్థితిని బట్టే తేలుతుంది. మార్గశిరంలో, డిసెంబర్ మొదటి వారం ముహూర్తానికి పెళ్లయితే, జనవరి నుంచి నవంబర్ వరకు బ్రహ్మచారిగా ఉన్నా ఆ ఏడాదంతా మీరు పెళ్లయినవారే. ధనుర్మాసం వెళ్లాక మాఘంలో అయితే అది తర్వాతి ఏడాది లెక్క. పెళ్లి ఇండియాలో జరిగినా, అక్కడి చట్టం ప్రకారం చెల్లితే అమెరికాలోనూ చెల్లుతుంది. అందువల్ల "సింగిల్" అనే గడి మీకు ఇక లేదు.

ఇది ఒక్క పన్నుకు సంబంధించిన విషయం కూడా కాదు. రేపు భార్య కోసం గ్రీన్ కార్డు పిటిషన్ వేస్తే, ఆమెను పోషించగలనని హామీ ఇచ్చే ఐ-864 అఫిడవిట్‌తో పాటు మీ పన్ను రికార్డులు ఇవ్వాలి. పిటిషన్‌లో పెళ్లయిందని రాసి, అదే ఏడాది రిటర్న్‌లో సింగిల్ అని ఉంటే, కాన్సులేట్ ఇంటర్వ్యూలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాల్సింది ఆమె.

ఆ తర్వాత మీ పన్ను రెసిడెన్సీ చూసుకోండి. జాయింట్ ఎంపిక తీసుకోవాలంటే, ఇద్దరిలో ఒకరు ఏడాది చివరి రోజుకు అమెరికా పౌరులో, పన్ను చట్టం దృష్టిలో రెసిడెంటో అయి ఉండాలి. గ్రీన్ కార్డు ఉంటే రెసిడెంటే. హెచ్-1బి మీద ఉన్నవారికి రోజుల లెక్క ఉంటుంది: ఆ ఏడాదిలో కనీసం 31 రోజులు అమెరికాలో ఉండాలి. దాంతో పాటు ఆ ఏడాది రోజులన్నీ, ముందటేడు రోజుల్లో మూడో వంతు, అంతకుముందు ఏడాది రోజుల్లో ఆరో వంతు కలిపితే 183 దాటాలి లేదా సరిగ్గా అంత ఉండాలి. కొన్నేళ్లుగా ఇక్కడే ఉద్యోగం చేస్తున్నవారు దీన్ని సులువుగా దాటేస్తారు.

ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవారు మాత్రం ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఎఫ్-1లో మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాల రోజులు ఈ లెక్కలోకి రావు. చదువు తర్వాత ఉద్యోగానికి ఇచ్చే ఓపీటీ, స్టెమ్ ఓపీటీ అనుమతులు కూడా ఎఫ్-1 కిందే వస్తాయి. కాబట్టి ఎంఎస్ ముగించి ఓపీటీలో ఉద్యోగం చేస్తున్న చాలామంది ఇంకా నాన్‌రెసిడెంట్లే. వారు నాన్‌రెసిడెంట్ల రిటర్న్ అయిన 1040-ఎన్‌ఆర్ వేయాలి, అందులో జాయింట్ అనే అవకాశమే లేదు. ఏడాది మధ్యలో హెచ్-1బికి మారినవారు రోజులు లెక్కపెట్టుకోవాలి.

మీరు రెసిడెంట్, భాగస్వామి ఇండియాలో నాన్‌రెసిడెంట్ అయితే, మీ ముందు ఉన్న దారులు ఇవి: విడిగా వేసే మ్యారీడ్ ఫైలింగ్ సెపరేట్లీ, లేదా ఆమెను కూడా ఏడాది మొత్తానికి రెసిడెంట్‌గా లెక్కించమని కోరి వేసే జాయింట్ రిటర్న్. బిడ్డ మీతో అమెరికాలో సగం ఏడాదికి పైగా ఉండి, ఇంటి ఖర్చులో సగానికి మించి మీరే భరిస్తుంటే మూడో దారి కూడా ఉంది. భాగస్వామి నాన్‌రెసిడెంట్ అయినప్పుడు, జాయింట్ ఎంపిక తీసుకోకపోతే, హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ కింద వేయొచ్చు. కానీ భార్యనో భర్తనో డిపెండెంట్‌గా చూపించడం అనేది అసలు లేదు. ఆ మాట ఎవరు చెప్పినా నమ్మకండి.

రెండో అడుగు: లాభమా నష్టమా, కాగితం మీద లెక్క వేయండి

ఫారాల జోలికి వెళ్లకముందే ఈ లెక్క చేయాలి. డాలస్ భర్త జీతం లక్ష డాలర్లు అనుకుందాం.

విడిగా వేస్తే స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలోంచి నేరుగా తీసేసే మొత్తం) 15,750 డాలర్లు. పన్ను పడే ఆదాయం 84,250. ఫెడరల్ పన్ను సుమారు 13,449 డాలర్లు.

జాయింట్‌గా వేస్తే డిడక్షన్ 31,500. భార్యకు ఏ ఆదాయమూ లేకపోతే పన్ను పడే ఆదాయం 68,500. శ్లాబులు కూడా రెట్టింపు వెడల్పు అవుతాయి కాబట్టి పన్ను 7,743కి దిగుతుంది. తేడా 5,706 డాలర్లు. ఇండియాలో ఉన్నవారికి ఆదాయం, పెట్టుబడులు పెద్దగా లేకపోతే ఇంకో ఆలోచన అక్కర్లేదు, జాయింటే మేలు.

ఆమె ఉద్యోగం చేస్తుంటే? జీతం 20,000 డాలర్లకు సమానం, ఇండియాలో కట్టిన పన్ను 1,500 డాలర్లు అనుకోండి. మొత్తం ఆదాయం 1,20,000 అవుతుంది, పన్ను 10,143. ఇండియాలో కట్టిన పన్నుకు ఫారం 1116 మీద ఫారిన్ టాక్స్ క్రెడిట్ వస్తుంది, అంటే అక్కడ కట్టిన పన్నును ఇక్కడి పన్నులోంచి తీసేస్తారు. దానికో పరిమితి ఉంది: మొత్తం పన్నులో విదేశీ ఆదాయం వాటా ఎంతో అంతవరకే. ఇక్కడ ఆరో వంతు, అంటే దాదాపు 1,690. ఆమె కట్టిన 1,500 అందులో పట్టేస్తుంది. చివరికి పన్ను 8,643. విడిగా వేసినదాని కంటే ఇంకా 4,800 డాలర్లు తక్కువే.

ఇదే జీతాన్ని ఫారం 2555 కింద పూర్తిగా మినహాయించుకునే దారి కూడా ఉంది. వరుసగా పన్నెండు నెలల వ్యవధిలో 330 పూర్తి రోజులు అమెరికా బయటి దేశాల్లో ఉన్నవారికి 2025లో 1,30,000 డాలర్ల దాకా విదేశీ సంపాదనకు మినహాయింపు ఉంది. హైదరాబాద్‌లోనే ఉండి ఉద్యోగం చేసుకునే భార్యకు ఆ రోజులు ఇట్టే నిండుతాయి. అయితే మినహాయించిన ఆదాయం పోయినా, భర్త జీతం మీద రేటు మాత్రం ఆ ఆదాయం ఉన్నట్టే లెక్కిస్తారు. అందుకే పన్ను 7,743కి కాక 8,143కి వస్తుంది. మినహాయించిన జీతం మీద మళ్లీ క్రెడిట్ తీసుకోవడం కుదరదు. ఒకసారి ఈ మినహాయింపు తీసుకుని తర్వాత వద్దనుకుంటే, ఐఆర్‌ఎస్ (అమెరికా పన్ను శాఖ) అనుమతి లేకుండా ఐదేళ్లు తిరిగి దీనిలోకి రాలేరు. రెండు విధాలుగానూ లెక్క వేసి చూడండి. ఇండియాలో పన్ను తక్కువ కట్టినవారికి 2555, ఎక్కువ కట్టినవారికి 1116 నప్పుతాయి.

జీతం ఎక్కువైతే జాయింట్ నష్టం అని చాలామంది భయపడతారు. 60,000 డాలర్ల జీతం తీసుకుందాం, హైటెక్ సిటీలో సీనియర్ ఇంజనీర్లకు అదేమీ వింత కాదు. ఉమ్మడి పన్ను 18,098. క్రెడిట్ పరిమితి 6,787 దాకా. అంత జీతానికి ఇండియాలో కట్టే పన్ను దీన్ని దాటిపోతుంది. కాబట్టి నికరంగా 11,311. అప్పుడు కూడా విడిగా వేసిన 13,449 కంటే తక్కువే. వాడుకోలేని క్రెడిట్‌ను ఒక ఏడాది వెనక్కి, పదేళ్లు ముందుకు తీసుకెళ్లొచ్చు.

అంటే పన్ను కోసేసుకుని చేతికొచ్చే జీతం వల్ల మీకు పెద్ద ప్రమాదం లేదు. ప్రమాదమంతా ఇండియాలో పన్ను లేని, లేదా తక్కువ పన్ను ఉన్న ఆదాయంతోనే. అక్కడ కట్టింది లేదు కాబట్టి ఇక్కడ క్రెడిట్ రాదు.

మూడో అడుగు: ఇండియాలో ఉన్నవారి ఆస్తులన్నీ ముందు పెట్టుకుని మాట్లాడుకోండి

ఒక ఆదివారం వీడియో కాల్‌లో ఇద్దరూ కూర్చుని చేయాల్సిన పని ఇది. నా ఉద్దేశంలో మొత్తం వ్యవహారంలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం. ఫారాలు ఎవరైనా నింపిపెడతారు, ఈ మాటలు మాత్రం మీరే మాట్లాడుకోవాలి.

మొదట పొలం. వ్యవసాయ ఆదాయానికి ఇండియాలో ఆదాయపు పన్ను లేదు. అమెరికాలో అలాంటి మినహాయింపు లేదు. ఆమె పేర కృష్ణా జిల్లాలోనో గోదావరి డెల్టాలోనో రెండెకరాలుండి, తండ్రి కౌలుకిచ్చి ఆ డబ్బు ఆమె ఖాతాలో వేస్తుంటే అది అమెరికా రిటర్న్‌లో చూపించాల్సిన ఆదాయం. క్రెడిట్ సున్నా.

పీపీఎఫ్ వడ్డీ ఇండియాలో పన్ను లేనిది, ఇక్కడ అలా కాదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ, అద్దెలు, షేర్ల మీద లాభాలు కూడా ఇక్కడ చూపించాల్సిందే. ఇల్లు అమ్మి ఇంకో ఇల్లు కొంటే ఇండియాలో దొరికే క్యాపిటల్ గెయిన్స్ మినహాయింపును అమెరికా గుర్తించదు. ప్లాట్ అమ్మే ఆలోచన ఉంటే ఆ ఏడాది జాయింట్ వేయకండి. అమ్మకం అయ్యాక, తర్వాతి ఏడాది నుంచి మొదలుపెట్టండి. ఎందుకంటే ఈ ఎంపిక జనవరి 1 నుంచి డిసెంబర్ 31 దాకా మొత్తం ఏడాదికి వర్తిస్తుంది, సగం ఏడాదికి తీసుకోవడం కుదరదు.

అన్నిటికంటే తలనొప్పి మ్యూచువల్ ఫండ్లు. నెలకు ఐదు వేల ఎస్‌ఐపీ అయినా, పన్ను ఆదా కోసం పెట్టిన ఈఎల్‌ఎస్‌ఎస్ అయినా, అమెరికా పన్ను చట్టం వాటిని పీఎఫ్ఐసీ అనే ప్రత్యేక వర్గంలో పెడుతుంది. ఈ వర్గానికి ఉన్న ప్రత్యేక పన్ను పద్ధతుల్లో ఏదీ ఎంచుకోకుండా అమ్మితే, లాభాన్ని ఉంచుకున్న ఏళ్లన్నిటికీ పంచి, గత ఏళ్ల వాటా మీద అత్యధిక రేటు వేసి, పైన వడ్డీ కలుపుతారు. ఒక్కో ఫండ్‌కు ఒక్కో ఫారం 8621. జాయింట్ రిటర్న్‌లో ఫండ్ల మొత్తం విలువ ఏడాది చివర 50,000 డాలర్ల లోపు ఉండి, ఆ ఏడాది అమ్మకాలూ పెద్ద పంపిణీలూ లేకపోతే ఆ ఫారం వేయకుండా ఉండొచ్చు. అమ్మితే ఆ సడలింపు పోతుంది. ఈ పని చేసిపెట్టే అకౌంటెంట్ ఫీజు ఒక్కోసారి జాయింట్ వల్ల మిగిలే డబ్బును మింగేస్తుంది.

అందుకే నా సలహా ఇలా ఉంటుంది: ఫండ్లు కొద్దిగా ఉంటే, జాయింట్ మొదలయ్యే ఏడాది జనవరి 1కి ముందే అమ్మేయండి. ఎక్కువగా ఉండి, ఆమెకు వాటిని కదిలించడం ఇష్టం లేకపోతే, విడిగానే వేయండి. ఆమె పదేళ్ల పొదుపును మీ ఒక ఏడాది రీఫండ్ కోసం చెడగొట్టడం న్యాయం కాదు.

ఆపై ఆస్తుల వివరాలు తెలిపే ఫారాలు. విదేశీ ఆర్థిక ఆస్తులు ఏడాది చివరి రోజున లక్ష డాలర్లు, లేదా మధ్యలో ఎప్పుడైనా లక్షన్నర డాలర్లు దాటితే, అమెరికాలో ఉంటూ జాయింట్ వేసేవారు ఫారం 8938 జతచేయాలి. జాయింట్ కోసం రెసిడెంట్‌గా మారిన భార్య ఆస్తులూ ఇందులోకి వస్తాయి. ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల నివేదిక) సంగతి వేరు. అది పన్ను చట్టం కింద కాక బ్యాంకు రహస్యాల చట్టం కింద వచ్చేది. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే దాన్ని ఆన్‌లైన్‌లో విడిగా ఫైల్ చేయాలి. ఈ జాయింట్ ఎంపికను ఎఫ్‌బార్ లెక్కలోకి తీసుకోరు, కాబట్టి అమెరికాకు రాని భార్య సొంత ఖాతాలకు ఆమె ఎఫ్‌బార్ వేయనక్కర్లేదు. ఇద్దరి పేర్ల మీద ఉన్న ఖాతా అయితే భర్త వేయాలి, మొత్తం బ్యాలెన్స్ చూపించాలి. పెళ్లయ్యాక అమ్మానాన్నల సౌకర్యం కోసం జాయింట్ ఖాతాలు తెరిచేవారు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో మాట కూడా ఆమెకు స్పష్టంగా చెప్పండి. జాయింట్ రిటర్న్ మీద సంతకం చేస్తే, ఆ పన్ను మొత్తానికి ఇద్దరూ బాధ్యులే. భర్త ఏదైనా ఆదాయం దాస్తే నోటీసు ఆమె పేరునా వస్తుంది.

నాలుగో అడుగు: ఆదాయాన్ని క్యాలెండర్ ఏడాదికి మార్చండి

ఇండియాలో లెక్క ఏప్రిల్ నుంచి మార్చి దాకా, అమెరికాలో జనవరి నుంచి డిసెంబర్ దాకా. ఒక్క ఫారం 16తో పని కాదు. జనవరి నుంచి మార్చి వరకు పాత ఆర్థిక సంవత్సరం పే స్లిప్పులు, ఏప్రిల్ నుంచి డిసెంబర్ వరకు కొత్తవి తీసుకుని కూడాలి. టీడీఎస్ కూడా అలాగే నెలల వారీగా విడదీయాలి, ఇండియా పన్ను శాఖ పోర్టల్‌లో దొరికే 26ఏఎస్, ఏఐఎస్ వివరాలు ఇందుకు పనికొస్తాయి. రూపాయలను డాలర్లలోకి మార్చడానికి ఐఆర్‌ఎస్ ఏటా ప్రకటించే సగటు మారకం రేటు వాడండి. ఖాతాల బ్యాలెన్సులకు మాత్రం అమెరికా ట్రెజరీ ప్రకటించే డిసెంబర్ 31 నాటి రేటు. జీతం జనరల్ కేటగిరీలో, వడ్డీ, డివిడెండ్లు పాసివ్ కేటగిరీలో వస్తాయి. ఒక్కోదానికి విడిగా 1116 వేయాలి.

ఆమె ఇండియా జీతం మీద అమెరికా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు పడవు.

ఐదో అడుగు: ఐటిన్ తెప్పించుకోండి

జాయింట్ రిటర్న్ మీద ఆమెకో నంబర్ ఉండాలి. సోషల్ సెక్యూరిటీ నంబర్‌కు అర్హత లేనివారికి ఐఆర్‌ఎస్ ఇచ్చేది ఐటిన్. దానికి దరఖాస్తు ఫారం డబ్ల్యూ-7. ముందే నంబర్ తెచ్చుకుని తర్వాత రిటర్న్ వేద్దాం అంటే కుదరదు, మామూలుగా డబ్ల్యూ-7ను రిటర్న్‌తో పాటే పంపాలి. రిటర్న్‌లో ఆమె నంబర్ ఉండాల్సిన చోట ఖాళీ వదిలేయాలి.

డబ్ల్యూ-7లో కారణం కింద "ఇ" గడి, అంటే అమెరికా పౌరుల లేదా రెసిడెంట్ల జీవిత భాగస్వామి అన్నది టిక్ చేయండి. పక్కనే మీ పేరు, మీ సోషల్ సెక్యూరిటీ నంబర్ రాయాలి. ఉత్తరాలు వచ్చే చిరునామాగా మీ అమెరికా చిరునామా ఇవ్వొచ్చు. విదేశీ చిరునామా గడిలో మాత్రం ఆమె ఉంటున్న ఇంటి పూర్తి చిరునామా రాయాలి, పోస్టు బాక్సు పనికిరాదు.

పేరు దగ్గర మనవాళ్లకు ఇబ్బందులు ఎక్కువ. పాస్‌పోర్టులో కొందరికి ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉంటుంది, కొందరికి ఆ గడి ఖాళీగా ఉండి అంతా గివెన్ నేమ్‌లో ఉంటుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిందని అత్తవారింటి పేరు రాసి, పాస్‌పోర్టులో పుట్టింటి పేరే ఉంటే దరఖాస్తు చిక్కుల్లో పడుతుంది. పాస్‌పోర్టులో ఎలా ఉందో డబ్ల్యూ-7లోనూ, 1040లోనూ అక్షరం పొల్లు పోకుండా అలాగే రాయండి.

గుర్తింపు పత్రంగా ఒక్క పాస్‌పోర్టు చాలు. మామూలు జిరాక్స్ గానీ, నోటరీ చేయించిన కాపీ గానీ చెల్లదు. ఒరిజినల్ పంపాలి, లేదా దాన్ని జారీచేసిన సంస్థ ధ్రువీకరించిన కాపీ పంపాలి. వీసా ఇంటర్వ్యూ ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు ఒరిజినల్ పాస్‌పోర్టును టెక్సస్‌లోని ఆస్టిన్‌కు పోస్టులో పంపి వారాల తరబడి ఎదురుచూడటం మంచిది కాదు. సర్టిఫయింగ్ యాక్సెప్టెన్స్ ఏజెంట్ దగ్గరకు వెళ్లడమే నయం. వీరు ఐఆర్‌ఎస్ గుర్తించిన ఏజెంట్లు. దేశాల వారీగా జాబితా ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో ఉంది, అందులో ఇండియా కూడా ఉంది. ఒరిజినల్ పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని చూసి, ధ్రువీకరణ పత్రం ఇచ్చి, పాస్‌పోర్టును తిరిగి ఇచ్చేస్తారు. వాట్సాప్‌లో ఫొటో పంపితే చాలనే ఏజెంటును నమ్మకండి. జాబితాలో పేరు ఉందో లేదో చూశాకే ఫీజు కట్టండి.

డబ్ల్యూ-7 మీద సంతకం దరఖాస్తుదారే చేయాలి. ఐటిన్ రావడానికి మామూలుగా ఏడు వారాలంటారు. జనవరి మధ్య నుంచి ఏప్రిల్ చివరి దాకా, లేదా విదేశం నుంచి పంపితే, తొమ్మిది నుంచి పదకొండు వారాలు.

ఆరో అడుగు: ఎంపిక ప్రకటన రాసి, రిటర్న్ కట్ట కట్టండి

ఈ ఎంపికకు ప్రత్యేక ఫారం లేదు. మొదటి ఏడాది రిటర్న్‌కు మీరే ఇంగ్లీషులో టైపు చేసిన ఒక ప్రకటన జతచేయాలి. అందులో ఉండాల్సినవి: ఏడాది చివరి రోజున ఒకరు అమెరికా పౌరులు లేదా రెసిడెంట్, మరొకరు నాన్‌రెసిడెంట్ అని, ఇద్దరినీ ఏడాది మొత్తానికి అమెరికా రెసిడెంట్లుగా లెక్కించాలని కోరుకుంటున్నామని, పన్ను చట్టం 6013(జి) సెక్షన్ కింద ఈ ఎంపిక తీసుకుంటున్నామని. కింద ఇద్దరి పేర్లు, చిరునామాలు, నంబర్లు. ఆమె నంబర్ దగ్గర ఐటిన్‌కు దరఖాస్తు చేస్తున్నట్టు రాయండి. ఇద్దరూ సంతకం చేయాలి. ఫారం 1040 మొదటి పేజీలో ఫైలింగ్ స్టేటస్ కింద, నాన్‌రెసిడెంట్ భాగస్వామిని రెసిడెంట్‌గా లెక్కించమనే గడి ఒకటుంది. దాన్ని టిక్ చేసి ఆమె పేరు రాయండి.

భార్య అదే ఏడాది అమెరికాకు వచ్చి డిసెంబర్ 31 నాటికి తానే రెసిడెంట్ అయిపోతే వర్తించేది 6013(హెచ్). అది ఒక్క ఏడాదికే, జీవితంలో ఒక్కసారే. ఆమె ఇంకా ఇండియాలోనే ఉంటే మీకు కావాల్సింది "జి"నే. మీరు అదే ఏడాది మధ్యలో అమెరికాకు వచ్చి, ఏడాది చివరికి రెసిడెంట్ అయినా సరే "జి" పనిచేస్తుంది.

మొదటి ఏడాది ఈ-ఫైలింగ్ లేదు, కాగితం మీదే. పైన డబ్ల్యూ-7, ఏజెంటు ధ్రువీకరణ, తర్వాత 1040, షెడ్యూళ్లు, ప్రకటన, డబ్ల్యూ-2. మొత్తం కట్టను ఆస్టిన్‌లోని ఐటిన్ విభాగానికి, డబ్ల్యూ-7 సూచనల్లో ఉన్న చిరునామాకు పంపాలి. మీ రాష్ట్రం వాళ్లు మామూలుగా రిటర్న్ పంపే చిరునామాకు కాదు. ఆమె సంతకాల కోసం కాగితాలు హైదరాబాద్‌కు కొరియర్‌లో వెళ్లి రావాలి కాబట్టి ఫిబ్రవరిలోనే మొదలుపెట్టండి. ట్రాకింగ్ ఉన్న పోస్టులోనే పంపండి, ప్రతి పేజీ స్కాన్ చేసి దాచుకోండి.

ఏప్రిల్ 15 దగ్గర పడి, ఏజెంటు అపాయింట్‌మెంట్ కుదరకపోతే రెండు దారులు. ఫారం 4868 వేస్తే అక్టోబర్ 15 దాకా గడువు వస్తుంది, కానీ కట్టాల్సిన పన్ను ఏప్రిల్ 15కే కట్టాలి. లేదా, ఇప్పుడు విడిగా వేసేసి, తర్వాత 1040-ఎక్స్‌తో జాయింట్‌గా మార్చుకోవచ్చు. అసలు గడువు నుంచి మూడేళ్ల దాకా ఆ వీలుంది. రీఫండ్ త్వరగా కావాలన్నా, ఐ-864 కోసం రికార్డు ఇప్పుడే కావాలన్నా రెండోది నయం. విడిగా వేసేటప్పుడు ఆమెకు నంబర్ లేకపోతే, స్టేటస్ దగ్గర ఆ గడిలో "ఎన్‌ఆర్‌ఏ" (నాన్‌రెసిడెంట్ ఏలియన్) అని రాస్తారు. తిరుగు దారి మాత్రం లేదు: జాయింట్‌గా వేశాక, గడువు దాటితే దాన్ని విడి రిటర్న్‌గా మార్చలేరు.

రాష్ట్ర పన్ను విషయం

టెక్సస్, ఫ్లోరిడా, వాషింగ్టన్‌లో ఉన్నవారికి జీతం మీద రాష్ట్ర పన్ను లేదు, ఇది దాటేయండి. మిగతావారు తమ రాష్ట్రం ఫారం సూచనలు చదవాలి, ఫెడరల్ స్టేటస్‌నే అన్ని రాష్ట్రాలూ ఒకేలా తీసుకోవు. బే ఏరియాలో ఉన్నవారు ముఖ్యంగా చూసుకోవాలి. కాలిఫోర్నియా ఫారం 2555 మినహాయింపును ఒప్పుకోదు, ఇండియాలో కట్టిన పన్నుకు క్రెడిట్ ఇవ్వదు. ఫెడరల్‌లో మిగిలిన డబ్బులో కొంత అక్కడ పోవచ్చు. రెండు రిటర్న్‌లూ కలిపి లెక్క వేస్తేనే నిజమైన తేడా తెలుస్తుంది.

తర్వాతి సంవత్సరాలు

ఎంపిక ఒకసారి తీసుకుంటే అది కొనసాగుతూనే ఉంటుంది. రెండో ఏడాది నుంచి విడిగా వేయాలనుకుంటే వేయొచ్చు, కానీ ఆమె ప్రపంచవ్యాప్త ఆదాయం అప్పుడూ అమెరికా లెక్కలోనే ఉంటుంది. "ఈ ఏడాది జాయింట్ వేసి, వచ్చే ఏడాది ఆమెను పక్కన పెడదాం" అనుకోవడానికి వీల్లేదు. పూర్తిగా బయటికి రావాలంటే లిఖితపూర్వకంగా ఎంపికను రద్దు చేసుకోవాలి. విడాకులు, చట్టబద్ధంగా వేరుపడటం, మరణం వల్ల కూడా అది ముగుస్తుంది. లెక్కల పుస్తకాలు సరిగ్గా ఉంచకపోతే ఐఆర్‌ఎస్ కూడా ముగించొచ్చు. ఎలా ముగిసినా, ఇద్దరిలో ఎవరూ మళ్లీ ఈ ఎంపిక చేసుకోలేరు. వేరే పెళ్లి చేసుకున్నా సరే. తొందరపడి తీసుకోకూడదనడానికి ఇదే పెద్ద కారణం.

ఐటిన్ వచ్చాక రెండో ఏడాది నుంచి ఈ-ఫైలింగ్ చేసుకోవచ్చు. వరుసగా మూడేళ్లు ఏ ఫెడరల్ రిటర్న్‌లోనూ వాడకపోతే ఆ నంబర్ గడువు ముగుస్తుంది. ఉద్యోగంలో పన్ను కోత తగ్గించుకోవడానికి కంపెనీకి ఇచ్చే డబ్ల్యూ-4 ఫారంలో స్టేటస్ మార్చడం లెక్క తేలిన తర్వాతే చేయండి.

వీసా వచ్చి ఆమె అమెరికాకు చేరాక, గ్రీన్ కార్డు మీద గానీ హెచ్-4 ఈఏడీ (ఉద్యోగ అనుమతి కార్డు) మీద గానీ సోషల్ సెక్యూరిటీ నంబర్ వస్తుంది. ఆ రోజు నుంచి ఐటిన్ వాడకూడదు. పాత నంబర్ మీద ఉన్న రికార్డులను కొత్తదానితో కలపమని ఐఆర్‌ఎస్‌కు ఉత్తరం రాయాలి. అందులో పూర్తి పేరు, చిరునామా, ఐటిన్ రాసి, సోషల్ సెక్యూరిటీ కార్డు కాపీ, ఐటిన్ కేటాయించినట్టు వచ్చిన నోటీసు కాపీ ఉంటే అదీ జతచేయండి. ఉత్తరం పంపకపోతే ఆమె పేరున కట్టిన పన్నులు, కోతలు రెండు నంబర్ల కింద చీలిపోయి, తర్వాతి రీఫండ్లు ఆలస్యమవుతాయి.